కల్యాణ మండపంలో కబడ్డీ

“ఇంకో కూతకి వెళ్ళగలవా?” అని అడుగుతూనే వరలక్ష్మి మోకాలికి పౌడరు అద్దుతున్నాను. గాయానికి పౌడరేమిటని అడక్కండి. స్పాన్సరు గారిచ్చిన ఫస్ట్ ఎయిడ్ పెట్టెలో దూది లేదు, అయోడిన్ లేదు, మేకప్ సామాను మాత్రం నిండుగా ఉంది. టీవీ వాళ్ళొస్తారని ఆయన ముందుచూపు.

“వెళ్తానక్కా. కానీ ఈ తివాచీ కాలుతోంది. జారితే చర్మం ఊడొస్తోంది” అంది వరలక్ష్మి.

విజయవాడలో ఒక పెద్ద కల్యాణ మండపం అది. పెళ్ళిళ్ళకి పరిచే ఎర్ర తివాచీ మీద తెల్ల టేపు అతికించి, అదే కబడ్డీ కోర్టు అన్నారు. స్టేజీ మీద పెళ్ళికూతురూ పెళ్ళికొడుకూ కూర్చునే సింహాసనాలుంటాయి కదా, వాటిలో ఒకదాంట్లో మా కరస్పాండెంట్ గారు, అంటే మా కాలేజీ యజమాని, రెండోదాంట్లో స్పాన్సరు గారు. ఈ స్పాన్సరు గారు ప్రెషర్ కుక్కర్ల డీలరు. ఇద్దరి మెడలోనూ దండలున్నాయి. తాళి ఒక్కటే తక్కువ.

హాలు బుక్ చేసుకుంటే సన్నాయి మేళం కూడా ప్యాకేజీలోనే వస్తుందట. వచ్చినవాళ్ళని ఊరికే కూర్చోబెట్టడమెందుకని, పాయింటు పడినప్పుడల్లా గట్టిమేళం వాయించమన్నారు డీలరు గారు. వరలక్ష్మి కూతకి వెళ్ళింది. అవతలి కోర్టులో ఇద్దరిని తాకింది. తాకగానే గట్టిమేళం. ఆ మోతలో అంపైరు గారికి కూత వినపడలేదు. మధ్యలో ఆపేసిందనుకుని వరలక్ష్మినే అవుటిచ్చారు.

“సార్, నేను అంటూనే ఉన్నానండీ!”

“నాకు వినపడలేదమ్మా.”

“అయితే ఆ సన్నాయి ఆపమనండి సార్!”

“అది నా చేతిలో లేదమ్మా. వాళ్ళు వేరే పార్టీ.”

అంత జరిగినా మేమే గెలిచాం. ఏడుగురికీ కలిపి ఒక కుక్కరిచ్చారు. తలా ఒక పెద్ద సర్టిఫికెట్ ఇచ్చారు, చుట్టూ బంగారు రంగు అంచు, మధ్యలో కుక్కరు బొమ్మ.

ఆ తివాచీ మీదికి వరలక్ష్మిని తీసుకొచ్చింది నేనే. కాలేజీల గేమ్స్ రూముల్లో కొత్తగా చేరే అమ్మాయిలు నన్ను ఏదైనా చెప్పమని అడుగుతుంటారు కదా, అందుకే ఇక్కడినుంచి మొదలుపెట్టాను. నా గొప్పలు కావాలంటే వేరే ఎవరినైనా అడగండి.

ఈ ఉద్యోగం ఏమిటంటే

నేను ముప్పై రెండేళ్ళకే రిటైరయ్యాను. నవ్వకండి. కలెక్టరాఫీసులో ముప్పై రెండంటే చిన్నపిల్ల, కబడ్డీలో ముప్పై రెండంటే ముసలమ్మ. పదో తరగతి రెండు విడతల్లో గట్టెక్కినదాన్ని. చదువు రాకపోయినా కూత వచ్చు కాబట్టి కొన్నాళ్ళు ఆడాను. మోకాలు తిరగబడ్డాక ఒక ఆడపిల్లల డిగ్రీ కాలేజీలో గేమ్స్ రూము అటెండరుగా వేశారు. కాగితం మీద వ్యాయామ మాస్టారు వేరే ఉన్నారు. ఆయన అదే యాజమాన్యం వాళ్ళ మూడు కాలేజీలకీ మాస్టారు, కాబట్టి ఏ కాలేజీలో అడిగినా మిగతా రెంటిలో ఎక్కడో ఉన్నారని చెప్పేవాళ్ళు. పని నాది, పేరు ఆయనది. దీన్ని అనుభవం అంటారని తర్వాత తెలిసింది.

మీ పని ఈల ఊదడం, బంతులకి గాలి కొట్టడం అనుకుంటారేమో. కాదు. మీ పని తండ్రుల్ని ఒప్పించడం. వరలక్ష్మిది కొల్లేటి ఒడ్డున ఒక ఊరు. వాళ్ళ నాన్న చేపల వ్యాపారం చేసేవాళ్ళ దగ్గర ప్యాకింగ్ షెడ్డులో మేస్త్రీ. మొదటిసారి వాళ్ళింటికి వెళ్ళినప్పుడు ఆయన తలుపు దగ్గరే నిలబెట్టి అడిగాడు.

“నిక్కరేసుకుని ఆడుద్దా?”

“ప్యాంటేనండి. కాళ్ళ దాకా ప్యాంటు.”

“ఎవరెవరు చూస్తారు?”

“ఎవరూ చూడరండీ. ఆడపిల్లల కబడ్డీ కదా.”

ఆ మాటకి ఆయన నిజంగా ఊరటపడ్డాడు. కూర్చోమని కుర్చీ వేసి, చేపల పులుసుతో అన్నం పెట్టాడు. తినేటప్పుడు అసలు మాట చెప్పాడు. “డిగ్రీ అయ్యేలోగా ఉద్యోగానికి దారి దొరికితే సరే. లేదంటే షెడ్డులోకి రావాల్సిందేనమ్మా, వాళ్ళమ్మ వల్ల ఇక కావట్లేదు.”

బస్సు దాకా సాగనంపడానికి వచ్చి వరలక్ష్మి చెప్పింది. “చేపలంటే నాకేం అసహ్యం లేదక్కా. ఐసులో పెట్టీ పెట్టీ మా అమ్మకి వేళ్ళు మడవడం రావట్లేదు. అన్నం నేనే కలిపి పెడతాను.”

అప్పుడే ఇద్దరం అనుకున్నాం. డిగ్రీ కాగానే వ్యాయామ టీచరు ట్రైనింగు కోర్సులో స్పోర్ట్స్ కోటా సీటు. అది వస్తే బళ్ళో ఉద్యోగం, చేతిలో ఈల. రాకపోతే ఐసు.

గోపాలం మాస్టారి జోన్

ఆ కోటాకి కావలసింది ఆఖరి సంవత్సరం జోన్ సర్టిఫికెట్. జోన్ అంటే పెద్ద మాటేం కాదు, చుట్టుపక్కల కాలేజీలన్నీ కలిసి ఏడాదికోసారి ఆడుకునే యూనివర్సిటీ పోటీలు. దానికి సెక్రటరీ మైలవరం కాలేజీలో పనిచేసే గోపాలం మాస్టారు. ఆఫీసు ఎక్కడుందని అడిగితే సైకిలు హ్యాండిల్‌కి తగిలించిన సంచీ చూపించేవారు.

ఆయన పోటీల్లో టీవీ లేదు, దండలు లేవు. తడిపి, తొక్కి, మెత్త చేసిన మట్టి కోర్టు ఉండేది. పడితే మట్టి అంటేది, అంతే. మధ్యాహ్నం భోజనాల దగ్గర గెలిచిన జట్టు ఓడిన జట్టుకి వడ్డించాలని ఆయన పెట్టిన రూలు. పొద్దున మా పిల్ల జుట్టు పట్టుకు లాగినదాని విస్తట్లో మధ్యాహ్నం పప్పు వెయ్యాలంటే ఎంత కష్టమో నాకు తెలుసు. ఒకసారి కావాలని మజ్జిగ ఒలకబోశాను. మాస్టారు చూశారు. వాళ్ళ విస్తళ్ళన్నీ నాచేత ఎత్తించారు.

తన కింద పనిచేసేవాళ్ళని తిట్టని పై అధికారిని నా సర్వీసులో ఈయన్నొక్కణ్ణే చూశాను. ఆయన నా పై అధికారి కాకపోవడమే అందుకు కారణమేమో చెప్పలేను.

కాలేజీలకి రెక్కలొచ్చాయి

ఇంతలో పెద్ద కాలేజీలకి ఒక సంగతి తట్టింది. మట్టిలో ఆడితే ఫోటోలో యూనిఫాం మాసినట్టు పడుతుంది. మాసిన పిల్లల ఫోటో చూసి ఎవరైనా అడ్మిషన్ తీసుకుంటారా? ఒక హోటల్లో కరస్పాండెంట్లంతా కూర్చున్నారు. ఫైళ్ళు మొయ్యడానికి నన్నూ తీసుకెళ్ళారు కాబట్టి అక్కడి మాటలు నా చెవిన పడ్డాయి.

“ఆటకి బ్రాండ్ కావాలండీ” అన్నారొకరు.

“మనలాంటి కాలేజీలు మైలవరం వెళ్ళి ఆడటమేమిటండీ, వాళ్ళే మన దగ్గరికి రావాలి గానీ” అన్నారు ఇంకొకరు.

“వాళ్ళనీ రానివ్వొద్దండీ. మనం మనమే ఆడుకుందాం” అన్నారు మా కరస్పాండెంట్ గారు. అందరూ చప్పట్లు కొట్టారు.

అలా పుట్టింది లీగ్. డబ్బు కుక్కర్ల వాళ్ళది, జట్లు వీళ్ళవి, దెబ్బలు మావి. ఒప్పందంలో ఒక షరతు ఉంది. లీగ్‌లో ఆడే కాలేజీ జోన్‌లో ఆడకూడదు. ఒక్కో కాలేజీ జారుకుంది. గన్నవరం వైపు కాలేజీ వాళ్ళయితే లీగ్ పిలవకముందే జోన్ మానేసి, పిలుపు కోసం ఫోను పక్కన కూర్చున్నారు. వాళ్ళని చివరిదాకా పిలవలేదు.

వరలక్ష్మికి అనుమానం వచ్చింది. తనకది ఆఖరి సంవత్సరం. “అక్కా, లీగ్ సర్టిఫికెట్ కోటాకి పనికొస్తుందా?” అని అడిగింది. జోన్‌లోనే ఆడతానంటే మైలవరం కాలేజీకి మారే వీలు అప్పటికింకా ఉంది. గోపాలం మాస్టారు సీటిస్తామన్నారు కూడా.

“ఎందుకు పనికిరాదు? అంత పెద్ద పెద్దవాళ్ళు పెడుతున్నారు. ఆ మైలవరం సర్టిఫికెట్ సైక్లోస్టైల్ కాగితం, లీగ్ వాళ్ళు పంపిన ఈ నమూనా చూడు, అట్ట ఎంత మందంగా ఉందో!” అన్నాను.

కాగితం మందం చూసి సలహా ఇచ్చాను. ఇంతకన్నా తెలివితక్కువ పని నా ఉద్యోగంలో ఇంకోటి చెయ్యలేదు. ఎవరినైనా ఒక్క మాట అడిగి ఉండాల్సింది. అడిగితే నాకు తెలియదని బయటపడుతుంది కదా, అదీ నా బాధ. పిల్లలు ‘అక్కా అక్కా’ అని చుట్టూ తిరిగితే మనకి అన్నీ తెలుసనిపిస్తుంది. జాగ్రత్త.

కౌంటరు దగ్గర

లీగ్ అయిపోయాక ట్రైనింగు కోర్సుకి అప్లికేషన్ పెట్టడానికి ఇద్దరం వెళ్ళాం. కిటికీ అవతల గుమాస్తా గారు లీగ్ సర్టిఫికెట్ అటూ ఇటూ తిప్పారు.

“ఏ యూనివర్సిటీ అమ్మా ఇది?”

“యూనివర్సిటీ కాదండీ, లీగ్.”

“ఎవరి లీగు?”

“కుక్కర్ల…” అని ఆగిపోయాను.

ఆయన నవ్వలేదు. మర్యాదస్తుడు. “గోడకి బావుంటుందమ్మా. ఇక్కడ జోన్ సర్టిఫికెట్ కావాలి. అప్లికేషన్ తీసుకుంటాను. కౌన్సెలింగ్ రోజు ఒరిజినల్ చూపించండి. ఒరిజినలే, జిరాక్స్ కాదు” అన్నారు.

తిరిగొస్తుంటే బస్టాండులో వేరుశెనక్కాయలు కొనిస్తే వరలక్ష్మి తీసుకోలేదు. నేనే ఉండబట్టలేక, “తిట్టవే, తిట్టు” అన్నాను.

“తిట్టేదేముందక్కా. నీకు తెలియదా?”

“తెలియదే.”

“తెలియకపోతే తెలియదనొచ్చు కదా. అంత గట్టిగా చెప్పావు!”

నాకు జీవితంలో పడిన తిట్లన్నీ ఒక ఎత్తు, ఈ మాట ఒక ఎత్తు. చేతిలో వేరుశెనక్కాయల పొట్లం ఉంది, అది అలాగే పట్టుకుని నిలబడ్డాను.

నాలుగో జట్టు

మర్నాడే మైలవరం పరిగెత్తాను. గోపాలం మాస్టారు ఆ ఏడాది జోన్ పోటీలు ఇంకా జరపలేదు. జరపలేక.

“మూడు జట్లే మిగిలాయమ్మాయ్. నాలుగుంటే గానీ యూనివర్సిటీ వాళ్ళు టోర్నమెంట్ అనరు. మూడుంటే సాయంత్రం షికారు అంటారు” అన్నారు. నాలుగోది దొరక్కపోతుందా అని వాయిదా మీద వాయిదా వేస్తున్నారు. ఇక గడువు వారమే ఉంది.

“మా జట్టు వస్తుంది మాస్టారూ” అన్నాను.

“మీవాళ్ళు ఒప్పుకున్నారా?”

“ఒప్పుకుంటారండీ” అన్నాను. చూశారా, బుద్ధి వచ్చిందనుకున్నారు కదూ? ఒక్క రోజులో రాదు.

ఇక్కడ లీగ్ సంగతి చెప్పాలి. అది అప్పటికే పోయింది. ఆడపిల్లల కబడ్డీ చూపిస్తే కుక్కర్లు అమ్ముడుపోవడం లేదని డీలరు గారికి ఒక్క సీజన్‌లోనే అర్థమైంది. వచ్చే ఏడు వంటల పోటీలు పెడతానన్నారు. కాబట్టి షరతూ లేదు, లీగూ లేదు, జోన్‌కి పంపడానికి అడ్డమేమిటని కరస్పాండెంట్ గారి గదికి వెళ్ళాను.

“కబడ్డీలో ఫ్యూచర్ లేదు సువార్తా” అన్నారు.

“నిన్నటిదాకా ఉందన్నారు కదండీ.”

“నిన్నటిదాకా స్పాన్సరున్నాడు.”

“పిల్లలున్నారు కదండీ.”

“పిల్లలు ప్రతి ఏడూ ఉంటారమ్మా” అని ఫోనెత్తారు. గేమ్స్ రూము ఖాళీ చెయ్యమని అప్పటికే చెప్పారు, అక్కడ కంప్యూటర్ ల్యాబు పెట్టాలని ఆయన ఆలోచన. టేపు పట్టుకుని గోడలు కొలవడం నేను చూస్తూనే ఉన్నాను.

మా ప్రిన్సిపాల్ మేడమ్ గారికి మాటిమాటికీ సంతకాలంటే విసుగు. అందుకని ఏడాది మొదట్లోనే ఖాళీ ఎంట్రీ ఫారాల మీద సంతకాలు చేసి, కట్ట నా బీరువాలో పడేసేవారు. ఆ కట్టలో ఇంకా రెండు మిగిలాయి. కరస్పాండెంట్ గారు జట్టుని పంపనన్నారు గానీ, ఫారాలు వెనక్కివ్వమని అనలేదు. ఇది తప్పని నాకు తెలుసు. మిమ్మల్ని ఇలా చెయ్యమనడం లేదు. నేను చేశానని మాత్రం చెబుతున్నాను.

ఏడుగురు కావాలి. లీగ్‌లో ఆడినవాళ్ళలో ఇద్దరు భయపడ్డారు. బదులుగా ఖోఖో ఆడే ఇద్దరిని పట్టుకున్నాను. కబడ్డీ రాదక్కా అంటే, నించోవడం వచ్చు కదా, చాలన్నాను. ఏప్రిల్ ఎండలో మైలవరం బస్సెక్కాం. మాస్టారు తెల్లవారుజామునుంచీ మట్టి తడుపుతూనే ఉన్నారు, అది ఆరిపోతూనే ఉంది.

మొదటి ఆట గెలిచాం. ఫైనల్లో మైలవరం మీద రెండు పాయింట్లతో ఓడిపోయాం. నాలుగు జట్లలో రెండో స్థానం. మాస్టారు అక్కడే బల్ల మీద కాగితాలు పెట్టుకుని, అందరి పేర్లూ తన చేత్తో రాసి, జోన్ ముద్ర వేసి ఇచ్చారు. అదే సైక్లోస్టైల్ కాగితం. కోటాకి అది చాలు. వరలక్ష్మి దాన్ని గుండెలకి పట్టుకుని, ఓడిన ఆ రెండు పాయింట్ల గురించి ఏడుస్తూ కూర్చుంది.

“ఆ మూలన ఉన్నదాన్ని తాకొచ్చక్కా. వెనక్కి తిరిగొచ్చేశాను.”

“పోనీవే, కాగితం వచ్చిందిగా.”

“నీకు ఆట తెలియదక్కా” అంది కోపంగా. మొన్నటిదాని తర్వాత నాతో సరిగ్గా మాట్లాడటం అదే మొదలు.

సన్మానం

తిరిగొచ్చాక నన్ను వెళ్ళగొడతారనుకున్నాను. ఇంట్లోనూ చెప్పేశాను. కానీ మైలవరం విలేఖరి ఎవరో ఫోటో తీశాడట, జిల్లా పేజీలో మా కాలేజీ పేరుతో సహా వచ్చింది. కరస్పాండెంట్ గారు కబురు పెట్టారు. వెళితే చేతిలో శాలువా.

“మన కాలేజీ! జోన్ స్థాయి! చెప్పానా, కబడ్డీకి ఫ్యూచర్ ఉందని!”

ఆయన ముఖం చూశాను. హాస్యం కాదు, నిజంగానే అంటున్నారు. ఇలాంటి మనుషుల దగ్గర పనిచెయ్యడానికి చాలా ఓపిక కావాలి. వాళ్ళకి అబద్ధం ఆడటం చేతకాదు, మర్చిపోతారు, అంతే.

ఫోటో కోసమని వరలక్ష్మి చేతిలోని సర్టిఫికెట్ తీసుకున్నారు. ఫోటో అయ్యాక తిరిగివ్వలేదు.

“సార్, నా సర్టిఫికెట్…” అంది వరలక్ష్మి.

“రిసెప్షన్‌లో ఫ్రేము కట్టిస్తున్నానమ్మా. అడ్మిషన్ల సీజను కదా, తల్లిదండ్రులు చూస్తారు.”

“రేపు పది గంటలకి కౌన్సెలింగ్ అండీ. ఒరిజినల్ చూపించాలి” అన్నాను నేను.

“జిరాక్స్ పట్టుకెళ్ళమను.”

“జిరాక్స్ చూడరండీ.”

“చూస్తారు. నేను ఫోన్ చేసి చెప్తా.”

“ఎవరికండీ?”

“అక్కడ ఎవరుంటారో కనుక్కుని.”

సాయంత్రానికల్లా ఫ్రేము రిసెప్షన్ సోఫా పైన గోడకెక్కింది. చుట్టూ బంతిపూల దండ. ఎవరో పోయినట్టుంది చూడటానికి. ‘ద్వితీయ’ అన్న మాట దండ కింద దాక్కునేలా సర్దించారు.

వరలక్ష్మి గేటు బయట నిలబడి ఉంది. “ఇప్పుడెలా అక్కా? సార్ ఫోన్ చేస్తారా?”

నోటిదాకా వచ్చింది, చేస్తార్లే అని. “తెలియదే. రేపు ఏడింటికి బస్టాండుకి రా” అన్నాను.

మర్నాడు పొద్దున్నే అయిదున్నరకి కాలేజీకి వెళ్ళాను. ఊడ్చేవాళ్ళు ఇంకా రాలేదు. వాచ్‌మన్ బాబాయ్ తలుపు తీసి, “ఏమ్మా, ఇంత పొద్దున్నే?” అన్నాడు. “గేమ్స్ రూము ఖాళీ చెయ్యమన్నారు కదా బాబాయ్” అన్నాను. అందులో అబద్ధమేం లేదు. సోఫా ఎక్కి ఫ్రేము దింపాను. వెనకాల మేకులు కత్తెరతో వంచి కాగితం బయటికి లాగాను. ఎదురుగా కోచింగ్ పిల్లల కోసం తెల్లవారకముందే తెరిచే జిరాక్స్ కొట్టుంది. కలర్ కాపీ తీయించాను. కొట్టతను మంచివాడు, ముద్ర రంగు ఇంకాస్త బాగా వచ్చేలా తీశాడు. కాపీని అద్దంలో పెట్టి, మేకులు మళ్ళీ వంచి, గోడకి తగిలించి, దండ సర్ది, సోఫా మీద నా కాళ్ళ గుర్తులు కొంగుతో తుడిచాను.

ఏడింటికి బస్టాండులో ఒరిజినల్ పేపర్లో చుట్టి వరలక్ష్మి చేతిలో పెట్టాను. “దారిలో ఎవరడిగినా ఇవ్వకు. నేనడిగినా ఇవ్వకు” అని చెప్పి, బస్సెక్కించాను.